మా హాల్లో కౌలాలంపూర్

ఆ రోజుల్లో ఒక ఊరు చూడాలంటే ఆ ఊరికి వెళ్ళాలి, లేదంటే వెళ్ళొచ్చినవాళ్ళ ఇంటికి వెళ్ళి వాళ్ళు చెప్పింది వినాలి. ఇప్పుడు మా అమ్మాయి మంచం మీద పడుకుని, కాళ్ళు గోడకి ఆనించి, ఫోను మీద వేలు జరుపుతూ ప్రపంచమంతా చూసేసి "బోరింగ్" అంటుంది. మాకా సౌకర్యం లేదు. ఎనభైల మొదట్లో మేము కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌కి వచ్చిన కొత్తలో మా ఇంట్లో ఉన్న ప్రపంచమల్లా ఒక కలర్ టీవీ, అది వచ్చిన అట్టపెట్టె. (టీవీకన్నా ఆ అట్టపెట్టే మాకెక్కువ ఉపయోగపడింది. ఆ సంగతే చెప్పబోతున్నాను.) నేను చూసిన మొట్టమొదటి విదేశీ రాజధాని ఆ పెట్టెలోంచే పుట్టింది. అది కౌలాలంపూర్. మా హాల్లో, సోఫాకీ కిటికీకీ మధ్య ఉండేది. మసీదు, రైల్వే స్టేషను, చీనావాళ్ళ వీధి, కొండగుహ, అన్నీ ఉండేవి. చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్ళందరూ వచ్చి దాని చుట్టూ ప్రదక్షిణలు కూడా చేశారు. నేను గొప్పలు చెప్పుకుంటున్నాననుకోకండి, జరిగింది జరిగినట్టే చెబుతున్నాను.

ముందు నా సంగతి చెప్పాలి. బందరు కాన్వెంటులో ఇంగ్లీషు పాఠాలు గడగడా అప్పగించిన దాన్ని, పదేళ్ళ వయసులో ఇక్కడి బళ్ళో చేరేసరికి నా నోరు పడిపోయింది. మొదటిరోజు టీచరు నన్నేదో అడిగింది. ఆ ముక్కుతో మాట్లాడే ఇంగ్లీషు నాకు అర్థమై, నేను జవాబు కూర్చుకుని, వ్యాకరణం సరిచూసుకునేలోగా ఆవిడ ఇంకొకర్ని అడగడానికి వెళ్ళిపోయింది. ఆ జవాబు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఆ రోజునుంచీ మూగనోము పట్టాను. అవును, కాదు అని చెప్పడానికి తల ఒకటుంది కదా, దానితోనే నెట్టుకొచ్చాను. దాంతో బళ్ళోవాళ్ళు నాకు ఇంగ్లీషు రాదని తీర్మానించి, రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక వరండా చివర ఉన్న చిన్నగదికి పంపేవాళ్ళు. అక్కడ ఆపిల్ బొమ్మ చూపించి ఆపిల్ అనమనేవాళ్ళు. నాకు ఒళ్ళు మండి అదీ అనేదాన్ని కాదు. తోటిపిల్లలు కథలు రాసుకుంటూ, బొమ్మలు వేసుకుంటూ ఉండే ఆ వేళకి నేనొక్కదాన్నీ లేచి, కుర్చీ కిర్రుమంటుంటే, అందరి ముందునుంచీ నడిచి వెళ్ళాలి. ఆ కుర్చీ చప్పుడుకి నాకు ఎంత సిగ్గుగా ఉండేదో చెప్పలేను. ఇంటికొచ్చాక మాత్రం ఆ రోజు మాటలన్నీ అప్పు తీర్చుకున్నట్టు వాగుతూనే ఉండేదాన్ని. "దీన్నా వాళ్ళు మూగదంటున్నది?" అని మా అమ్మ ఆశ్చర్యపోయేది.

మా టీచరు మెళ్ళో ఎప్పుడూ ముత్యాలదండ ఉండేది కాబట్టి ఇంట్లో మేము ఆవిడని ముత్యాల టీచరు అనేవాళ్ళం. మంచి మనిషి. ఒకరోజు నన్ను దగ్గరికి పిలిచి, మెల్లగా, చెవిటివాళ్ళకి చెప్పినట్టు ఒక్కో మాటా విడదీసి చెప్పింది. క్లాసులో అందరూ ఆసియాలో ఒక్కో రాజధాని గురించి నమూనా చేసి తెచ్చి, నిలబడి మాట్లాడాలట. నేనూ అందరిలాగే మాట్లాడితే ఇక ఆ చిన్నగదికి పోనక్కర్లేదట. మాట్లాడకపోతే ఏడాదంతా అక్కడికే. నేను తలూపాను. తర్వాత ఒక చెప్పుల పెట్టెలో చీటీలు వేసి తీయమంది. ఎర్రజుట్టు కుర్రాడొకడికి ఢిల్లీ వచ్చింది. వాడు నావైపు జాలిగా చూశాడు. నాకొచ్చిన చీటీ విప్పితే కౌలాలంపూర్ అని ఉంది. ఆ పేరు పలకడమెలాగో కూడా తెలియదు, ఇక దాని గురించి మాట్లాడేదేమిటి?

లైబ్రరీ నుంచి నాన్న మోసుకొచ్చిన లావుపాటి పుస్తకంలో ఆ ఊరి బొమ్మలున్నాయి. సగం విప్పిన గులాబీరంగు గొడుగులాంటి కప్పుతో పెద్ద మసీదు, నవాబుల మేడలా గుమ్మటాలున్న రైల్వే స్టేషను, గడియారపు గోపురం, ఎర్రలాంతర్ల చీనావీధి. అన్నిటికన్నా వింతగా ఒక కొండ, దానికి పొడుగాటి మెట్లదారి, పైన చీకటి గుహ. ఈ గుహ బొమ్మ దగ్గరే కథంతా మలుపు తిరిగింది. ఆ శరదృతువులోనే మా బామ్మ (నాన్నకి అమ్మ) బందరునుంచి మా దగ్గర ఆర్నెల్లుండి వెళ్దామని వచ్చింది. అమెరికాలో ఆవిడకి నచ్చనివి చాలా ఉండేవి, అందులో మొదటిది గుళ్ళు లేకపోవడం. దగ్గర్లో గుడి అనేదే లేని రోజులవి. "కొండలున్నాయి, దేవుడు లేడు. ఇదేం దేశంరా?" అని కిటికీలోంచి గోధుమరంగు కొండల్ని చూసి నిట్టూర్చేది. ఆవిడ నా భుజం మీంచి పుస్తకంలోకి తొంగిచూసి, కళ్ళజోడు సర్దుకుని, గుహ బొమ్మ మీద వేలు పెట్టింది.

"ఆ శూలం చూడవే. సుబ్రహ్మణ్యేశ్వరుడు కాదూ? మా మోపిదేవి స్వామి ఇంతదూరం వచ్చాడన్నమాట."

"బామ్మా, అది మలేషియా. అక్కడ మురుగన్ అంటారట."

"ఏ పేరు పెట్టి పిలిస్తే ఏం, పలుకుతాడుగా. నీలా మూగనోము పట్టడు."

ఆ వారాంతం టీవీ వచ్చిన అట్టపెట్టెని విప్పి పరిచి ఊరు కట్టడం మొదలుపెట్టాం. మా నాన్న కంప్యూటరు చిప్పుల కంపెనీలో ఇంజినీరు. ఆఫీసులో వెంట్రుకకన్నా సన్నని గీతలు గీసే మనిషి, ఇంట్లో అట్టముక్క ఒక్కటి తిన్నగా కోయలేకపోయాడు. అయినా ఉత్సాహానికి లోటు లేదు. కోడిగుడ్ల అట్టలు బోర్లించి తెల్లరంగు వేస్తే రైల్వే స్టేషను గుమ్మటాలయ్యాయి. అగ్గిపెట్టెలకి ఎర్రకాయితం చుడితే చీనావీధి అయింది. అమ్మ గులాబీరంగు గొడుగు మసీదయింది. (ఆ చలికాలమంతా అమ్మ తడుస్తూ తిరిగింది, ఆ త్యాగాన్ని ఎవరూ పట్టించుకోలేదు.) గడియారపు గోపురానికి నాన్న పాత చేతిగడియారం కట్టాం. అది ఆగిపోయి ఉంది. ఆగిపోయిన గడియారం ఇంట్లో ఉండకూడదని బామ్మ పట్టుబడితే, నాన్న దాన్ని బాగుచేసి ఇండియా టైము పెట్టాడు. పంచాంగం ప్రకారం అక్కడ తిథి ఎప్పుడు మారుతుందో ఆవిడకి కావాలి మరి. కిరాణా సంచులు నలిపి, మైదా జిగురు పూసి కొండ, గుహ చేశాం. నిజానికి ఆ గుహ ఊరి బయట ఎక్కడో దూరంగా ఉందని పుస్తకంలో రాసి ఉంది కానీ, అంత అట్ట మా దగ్గర లేకపోవడంవల్ల స్టేషను పక్కనే పెట్టేశాం.

గుహలో దేవుడొకడు కావాలి. పొద్దున్న పాలల్లో వేసుకునే సీరియల్ డబ్బాలో ఊరికే వచ్చిన ప్లాస్టిక్ సైనికుడొకడుంటే, వాడి చేతిలోని తుపాకీ విరిచి అగ్గిపుల్ల గుచ్చి, బంగారురంగు వేసి గుహలో నిలబెట్టాను. నాకు చాలా ముచ్చటగా అనిపించింది. బామ్మ వంగి చూసింది.

"ఎవడే వీడు?"

"స్వామి."

"స్వామి బూట్లేసుకున్నాడేమే?"

బామ్మ వాణ్ణి రెండువేళ్ళతో పట్టుకుని కిచెన్ చెత్తబుట్టలో వేసొచ్చింది. తర్వాత తన హ్యాండుబ్యాగు తెరిచి, పట్టుగుడ్డ ముక్కలో చుట్టిన వేలెడంత ఇత్తడి సుబ్రహ్మణ్యస్వామిని తీసింది. ఎన్నో ఏళ్ళుగా పూజ చేసుకుంటున్న విగ్రహం, విమానంలో కూడా ఒళ్ళోనే పెట్టుకుని తెచ్చుకుంది. "ఎలా ఉంటుందో చూద్దాం, ఉత్తినే" అంటూ గుహలో పెట్టింది. గుహ ఆయన కొలతకే కట్టినట్టుంది. అందరం "బాగుంది" అన్నాం. అనకుండా ఉండాల్సింది.

మర్నాడు ఆదివారం నేను లేచి హాల్లోకి వచ్చేసరికి గుహకి పసుపు రాసి, బొట్లు పెట్టి, మెట్ల కింద ముగ్గు వేసి ఉంది. దీపం వెలుగుతోంది. చలిమిడి, చిమ్మిలి నైవేద్యం పెట్టి ఉన్నాయి. బామ్మ తడిజుట్టు ముడివేసుకుని కళ్ళు మూసుకుని కూర్చుంది. ఆ రోజు సుబ్రహ్మణ్య షష్ఠి అట. (షష్ఠి నిన్ననే వెళ్ళిపోయిందని నాన్న, ఇంకా రాలేదని అమ్మ వాదించారు కానీ, కౌలాలంపూర్ గడియారం ఇప్పుడే ఉందంది అని బామ్మ కొట్టిపారేసింది.) అమ్మ ఈ మాట ఫోనులో ఎవరో ఒక ఆంటీకి చెప్పింది. ఆ ఆంటీకి మేము ఫోన్ ఆంటీ అని పేరు పెట్టుకున్నాం, ఎందుకో మధ్యాహ్నానికి తెలిసింది. మా ఇంటిముందు కార్లు ఆగాయి. చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్న తెలుగువాళ్ళంతా పట్టుచీరలు కట్టుకుని, కొబ్బరికాయలు పట్టుకుని దిగారు. చెప్పులతో గుమ్మం నిండిపోయింది. నాన్న పెరట్లో సిమెంటు గట్టు మీద సుత్తితో కొబ్బరికాయలు కొడుతూ నిలబడ్డాడు. పక్కింటి దొరగారు కంచె మీంచి చూసి ఏమైనా రిపేరా, సాయం రమ్మంటారా అని అడిగాడు.

ప్రదక్షిణ చెయ్యాలంటే గుహ ఒక్కదాని చుట్టూ తిరగడానికి వీల్లేదు, అంతా ఒకే అట్ట మీద అతికించి ఉంది. కాబట్టి అందరూ ఊరు మొత్తానికీ ప్రదక్షిణ చేశారు. ఎవరో భక్తి పొంగి రైల్వే స్టేషను గుమ్మటాలకి కూడా బొట్లు పెట్టారు. ఫోన్ ఆంటీకి సందేహం వచ్చింది. "పిన్నిగారూ, ఇలా తిరిగితే మసీదుకీ, చీనావాళ్ళ వీధికీ కూడా చేసినట్టే కదండీ?"

"పోనిద్దూ" అంది బామ్మ, హారతిపళ్ళెం అందిస్తూ. "స్వామి ఊళ్ళో ఉన్నవాళ్ళేగా. ఊరందరికీ పుణ్యమే."

దేశంకాని దేశంలో దణ్ణం పెట్టుకోవడానికి ఒక చోటు దొరికిందని ఆ ఆంటీలు కళ్ళు తుడుచుకుంటుంటే నాకు లోపల గుబులు మొదలైంది. మర్నాడే నేను ఆ ఊరిని బడికి పట్టుకెళ్ళాలి. అందరూ వెళ్ళాక ఆ మాట ఎత్తాను. బామ్మ నావైపు నేను గుడి కూల్చేస్తానన్నట్టు చూసింది.

"ఆవాహన చేసిన స్వామిని కదపడానికి వీల్లేదే. చెప్పుల కాళ్ళతో తొక్కుకుంటూ తిరిగేచోటికి అసలే వీల్లేదు."

"ఉద్వాసన చెప్పెయ్యమ్మా, ఒక్క క్షణం పని" అన్నాడు నాన్న.

"ఐదు రోజులుంచుతానని మొక్కుకున్నానురా."

"ఎందుకమ్మా ఇప్పుడు మొక్కు?"

బామ్మ కుంకం భరిణె మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. "దీని కోసమే. బళ్ళో నోరు విప్పడం లేదనీ, దీన్ని వేరే గదిలో కూర్చోబెడుతున్నారనీ మీరిద్దరూ అనుకుంటుంటే విన్నాను. బంగారంలాంటి పిల్లని మూగదంటారా? దీనికి మాట పలికించు స్వామీ, ఐదు రోజులు గుహలో కూర్చోబెట్టి నీకు పూజ చేస్తానని మొక్కాను."

"మాటకి సరస్వతీదేవి కదండీ అత్తయ్యా?" అంది అమ్మ మెల్లగా.

"ఆవిడకి గుహ కట్టలేదుగా అమ్మాయ్. ఉన్న దేవుణ్ణే కదా అడగాలి."

నేను ఏడుపు మొదలుపెట్టాను. నేను మాట్లాడాలని మొక్కిన మొక్కువల్లనే నేను మాట్లాడలేకపోబోతున్నాను. ఊరు లేకుండా వట్టిచేతులతో వెళ్ళి ఆ ముత్యాల టీచరుకి ఏం చెప్పను? దేవుడు ఇంట్లో ఉన్నాడు, రాలేడు అని చెప్పాలన్నా నోరు విప్పాలి కదా. ఏడాదంతా ఆ కుర్చీ చప్పుడు, ఆ ఆపిల్ బొమ్మ. ఇదంతా వెక్కుతూనే చెప్పాను. బామ్మ చాలాసేపు విని, పమిటచెంగుతో నా మొహం తుడిచి చివరికి తీర్పు చెప్పింది. "సరే. ఊరేగింపు దోషం కాదు. ఉత్సవాలకి స్వామి ఊరేగడూ? కానీ స్వామి ఎక్కడుంటే నేనక్కడ. మడి మాత్రం తప్పకూడదు." ఈ షరతుకి నాన్న ఠకీమని ఒప్పుకున్నాడు. దాని అర్థమేమిటో ఆయనకి మర్నాడు తెలిసింది.

సోమవారం పొద్దున్న మా పాత స్టేషన్ వ్యాగన్ కారు వెనకసీటు మడిచి కౌలాలంపూర్‌ని ఎక్కించాం. దాని పక్కనే బామ్మ పట్టుచీరలో, కాళ్ళు ముడుచుకుని, స్వామికి చెయ్యి అడ్డుపెట్టుకుని కూర్చుంది. నాన్న పెళ్ళికూతురి పల్లకీ మోస్తున్నంత మెల్లగా డ్రైవ్ చేశాడు. క్లాసు గుమ్మం దాకా అంతా బాగానే జరిగింది. నాన్న రెండుచేతులా ఊరిని మోసుకుంటూ ముందు నడుస్తున్నాడు. గుమ్మం దగ్గర బామ్మ ఆయన చొక్కా పట్టుకుని ఆపింది. తన చెప్పులు విడిచి పక్కన పెట్టింది. లోపలికి చూసింది.

"అందరూ జోళ్ళతోనే ఉన్నారేమే? తియ్యమను."

"బామ్మా, ఇది బడి."

"బడంటే సరస్వతి. అదీ గుడే. ఇన్నాళ్ళూ జోళ్ళతో ఎలా కూర్చున్నారసలు?"

టీచరు గుమ్మం దగ్గరికి వచ్చి, ఆవిడేమంటున్నారని అడిగింది. నేను నాన్నవైపు చూశాను. నాన్న చేతుల్లో చీనావీధి ఒకవైపు ఒరుగుతోంది. "నావైపు చూడకమ్మా" అన్నాడు పళ్ళు బిగపట్టి. "నీ ప్రాజెక్టు ఇది. తొందరగా చెప్పు, మసీదు జారుతోంది." క్లాసంతా నావైపే చూస్తోంది. వ్యాకరణం సరిచూసుకోవడానికి వ్యవధి లేదు. కళ్ళు మూసుకుని ఇంగ్లీషులో అనేశాను. "బూట్లు విప్పండి. లోపల దేవుడున్నాడు."

ఆ క్లాసులో నేను మాట్లాడిన మొదటి మాటలవి. నాకు దెయ్యం పట్టిందనుకుని ఉంటారు. ఢిల్లీ కుర్రాడు చెయ్యెత్తి, అందరూనా అని అడిగాడు. "అందరూ. టీచరు కూడా" అన్నాను. ముత్యాల టీచరు ఒక్కక్షణం నన్ను తేరిపార చూసి, వంగి తన ఎత్తుమడమల చెప్పులు విప్పి గుమ్మం బయట బామ్మ చెప్పుల పక్కన పెట్టింది. పెట్టాక ఆవిడ నా భుజం దాకా దిగిపోయినట్టనిపించింది, అంత పొట్టిమనిషని ఎవరికీ తెలియదు. ఆ తర్వాత పిల్లలు ఆగుతారా? వరండా అంతా బూట్లు. చిల్లులుపడ్డ మేజోళ్ళలోంచి బొటనవేళ్ళు తొంగిచూస్తుంటే ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వులు. ప్రిన్సిపాల్‌గారు అటువెళుతూ ఆ బూట్లవరసని చూసి, గుమ్మంలో ఆగి, ఏం అర్థమైందో ఏమో, ఆయనా విప్పి వచ్చి వెనక నిలబడ్డాడు.

ఇక నేను బట్టీపట్టిన ఉపన్యాసం మొదలుపెట్టాలి. ఒక్క ముక్కా గుర్తు రాలేదు. నేను నీళ్ళు నములుతుంటే బామ్మ చూసి, ఇది తేలే వ్యవహారం కాదని తనే అందుకుంది. తెలుగులోనే, నేరుగా పిల్లలకి చెప్పడం మొదలుపెట్టింది. "ఇది మసీదు. తెల్లారకముందే ఇందులోంచి కేక వినిపిస్తుంది. ఆ కేకకే మా స్వామి నిద్రలేస్తాడు, వేరే మేలుకొలుపు అక్కర్లేదు." ఆగి, "చెప్పవే" అంది. చెప్పాను. "ఇవి చూసి నవాబుగారి మేడలనుకునేరు. రైలుస్టేషను. రైలు దిగినవాళ్ళు ముందు స్వామిని చూసుకుని తర్వాత ఇంటికి పోతారు." అదీ చెప్పాను. "ఇది చీనావాళ్ళ వీధి. ఈ చివర పళ్ళ డాక్టరుంటాడు, కట్టుడుపళ్ళు బ్రహ్మాండంగా కడతాడు." ఇక్కడ నేను ఆగాల్సివచ్చింది.

"బామ్మా, పళ్ళ డాక్టరున్నాడని పుస్తకంలో లేదు."

"మా బందరులో చీనా డాక్టరుండేవాడు. అక్కడెందుకుండడు?"

"పుస్తకంలో లేదంటున్నానా?"

"రాసినవాడికి పళ్ళు బాగున్నాయేమో."

ఏమంటోంది, ఏమంటోంది అని క్లాసంతా గోల. మా దెబ్బలాట కూడా అనువదించి చెప్పాను. అందరూ విరగబడి నవ్వారు. ఆ నవ్వు నా మీద కాదని, నాతోపాటని నాకు చప్పున తెలిసింది. అంతే, గట్టు తెగింది. బామ్మ చెప్పేది ఇంగ్లీషులో చెబుతూ, తప్పులు దిద్దుతూ, ఆవిడ ఒప్పుకోకపోతే ఆవిడతో తెలుగులో వాదించి ఆ వాదనని మళ్ళీ వాళ్ళకి విన్నవిస్తూ ఊరంతా తిప్పాను. గుహ నిజానికి స్టేషను పక్కన లేదు, చాలా దూరం అని నేను నిజాయితీగా చెబితే, "అట్ట చాల్లేదు, వాళ్ళ నాన్ననడగండి" అంది బామ్మ. ఆవిడ అక్కడికి వెళ్ళారా అని ఢిల్లీ కుర్రాడు అడిగాడు. బామ్మకి చెప్పాను. "వెళ్ళకపోతేనేం? కాస్త మసీదు, కాస్త గుడి, కాస్త సంత, ఒక రైలు. ఊరంటే అంతేగా, మా బందరూ అంతే" అంది. గంట కొట్టేదాకా నేను ఆపలేదు. భోజనాలయ్యాక చిన్నగదికి వెళ్ళాల్సిన వేళకి అలవాటుకొద్దీ లేచాను, కుర్చీ కిర్రుమంది. ముత్యాల టీచరు నావైపు చూసి కూర్చోమన్నట్టు చెయ్యూపింది. "నువ్వింకెక్కడికీ వెళ్ళక్కర్లేదు" అంది. ఈసారి మాటలు విడదీసి చెప్పలేదు, అందరితో మాట్లాడినట్టే గబగబా అనేసింది. అందుకే ఆ మాట నాకంత తీపిగా గుర్తుండిపోయింది.

మొక్కు ప్రకారం మిగతా రోజులు స్వామి బళ్ళోనే ఉన్నాడు. రాత్రిళ్ళు స్వామికి పవళింపు కదా అని తనకి తనే సర్దిచెప్పుకుని, బామ్మ పొద్దున్నే నాన్న ఆఫీసుకి పోయేదారిలో వచ్చి దిగేది. బళ్ళో నిప్పు వెలిగించకూడదని టీచరు చెబితే, బామ్మ ఆలోచించి నాన్న టార్చిలైటు తెచ్చి దానితో హారతి ఇచ్చింది. పిల్లలు ఆ వెలుతురు మీద చేతులు పెట్టి కళ్ళకద్దుకునేవాళ్ళు. చలిమిడి మాత్రం ఎవరికీ నచ్చలేదు, ఢిల్లీ కుర్రాడొక్కడూ మళ్ళీ మళ్ళీ అడిగేవాడు. ఆఖరిరోజున ఎవరూ చెప్పకుండానే బూట్లు గుమ్మం బయట వరసగా ఉన్నాయి. బామ్మ అక్షతలు వేసి, స్వామిని కాస్త కదిపి ఉద్వాసన చెప్పి, పట్టుగుడ్డలో చుట్టి హ్యాండుబ్యాగులో పెట్టుకుంది. "ఇక ఇది ఉత్తి అట్టే. ఏమైనా చేసుకోండి" అంది. కానీ గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, ఖాళీగుహకి మళ్ళీ దణ్ణం పెట్టుకుంది. తర్వాత ఆ అట్టూరు వానకి గరాజులో నాని పాడైపోయింది. వేసవికి ముందు వచ్చిన ప్రోగ్రెస్ రిపోర్టులో ముత్యాల టీచరు, మీ అమ్మాయి క్లాసులో మరీ ఎక్కువ మాట్లాడుతోంది అని రాసింది. నాన్న అది చదివి, "అమ్మా, ఇంకో మొక్కు మొక్కు, ఈసారి నోరు మూయించడానికి" అన్నాడు. "ఇచ్చింది వెనక్కి తీసుకోమని ఏ మొహంతో అడుగుతాంరా" అంది బామ్మ.

ఈమధ్య మా అమ్మాయితో ఇండియా వెళుతూ, తను వద్దన్నా వినకుండా, దారిలో కౌలాలంపూర్‌లో ఆగాను. కొండముందు ఆకాశాన్నంటే బంగారు స్వామి నిలబడి ఉన్నాడు, మెట్లన్నీ రంగురంగులు. మాకంత పెద్దది కట్టే అట్ట లేదు. చెప్పులు విడిచి దర్శనం చేసుకుని కిందికి వచ్చి టాక్సీ మాట్లాడుకున్నాను. అక్కణ్ణించి మసీదుకి పోనిమ్మన్నాను. గొడుగు అక్కడే ఉంది, కాకపోతే ఇప్పుడది నీలంగా ఉంది. పాత రైల్వే స్టేషను గుమ్మటాలు కోడిగుడ్ల అట్టల్లాగే ఉన్నాయి. గడియారపు గోపురం చూశాం, నా చేతిగడియారం సరిచేసుకున్నాను. చీనావీధిలో పళ్ళ డాక్టరు బోర్డు కోసం వెతికాను. ఉంది. నిజంగా ఉంది. నడివీధిలో నిలబడి "గెలిచావే బామ్మా" అని పైకే అనేశాను. అప్పుడు టాక్సీవాడితో, మళ్ళీ గుహ దగ్గరికే పోనివ్వమన్నాను.

"అమ్మా, మనం అక్కడికి ఆల్రెడీ వెళ్ళాం కదా, మళ్ళీ వై?" అంది మా అమ్మాయి.

"మొదలుపెట్టినచోటికి వస్తేనే ప్రదక్షిణ పూర్తవుతుంది."

దారిపొడుగునా నేను ఆ డ్రైవరుకి ఊరు వర్ణించి చెబుతూనే ఉన్నాను. మసీదు రంగు ఎప్పుడు మార్చారని అడిగాను, గుహని స్టేషను పక్కన పెట్టి ఉంటే ఎంత సుఖంగా ఉండేదో కూడా సలహా ఇచ్చాను. మా అమ్మాయి సిగ్గుతో కిటికీవైపు తిరిగి కూర్చుంది. పాపం ఆ డ్రైవరు, మధ్యలో ఒక్కమాట దూర్చే సందు కోసం చాలాసేపు చూసి, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అద్దంలోంచి నన్ను చూస్తూ, "మేడమ్ ఇంతకుముందు ఇక్కడ ఉండేవారా?" అని అడిగాడు.

"లేదండీ" అన్నాను. "మా చిన్నప్పుడు ఈ ఊరే వచ్చి మా హాల్లో ఉండేది."